దిగంతరేఖ – రసమట్టం

కడప జిల్లాలోని గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను కోసుకొని ప్రవహిస్తుంది. ఆ లోయ అంచున నిలిచి చూస్తే దృశ్యమంతా ఒక్క ఛాయాచిత్రంలో ఇమడదు. కెమెరాను కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతి చిత్రమూ ముందుదానిలో మూడోవంతును కలుపుకొనేలా వరుసగా తీసి, అన్నింటినీ ఒకే విశాల చిత్రంగా కూర్చవలసి ఉంటుంది. దీనినే పనోరమా అంటారు.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కొండమీది ఒక భవన గోపురం నుండి నగరాన్ని నలుదిక్కులా చిత్రించాడు. ఆ 13 చిత్రాలను పక్కపక్కన చేర్చితే పొడవు సుమారు 17 అడుగులు. అవి గాజుపలకలపై తీసినవి. ఒక పలకలో దిగంతరేఖ ఒరిగితే దానిని సరిదిద్దే కంప్యూటర్ ఆనాడు లేదు. నేడు ఉన్నది. అయితే వంకరను సరిచేసే క్రమంలో అది చిత్రం పై అంచును, కింది అంచును కత్తిరిస్తుంది. ఆ కత్తిరింపులో పోయేది కోట బురుజే కావచ్చు.

ట్రైపాడ్ కొనేవారు సాధారణంగా ఎత్తు, బరువు, వెల చూస్తారు. కాళ్లు విడివిడిగా సర్దుకోగలగాలి, గాలికి కదలకుండా నిలవాలి. ఇంతవరకు వారి పరిశీలన సరైనదే. అసలు చిక్కు కాళ్లపైన అమర్చే తలభాగంలో ఉన్నది. బంతివలె ఎటైనా వంగే బాల్‌హెడ్ చాలామందికి ఇష్టం. దానిలో తిరిగే పళ్లెం సాధారణంగా బంతికి అడుగున ఉంటుంది. బంతిని వంచి కెమెరాను సమతలంగా నిలిపినా, అడుగునున్న పళ్లెం వాలుగానే ఉండిపోతుంది. పళ్లెం 3 డిగ్రీలు వాలి ఉంటే, కెమెరా సగం చుట్టు తిరిగేసరికి 6 డిగ్రీలు ఒరుగుతుంది. తాపీమేస్త్రి గోడ కట్టేటప్పుడు పై వరుసకు మాత్రమే రసమట్టం పెట్టి ఊరుకోడు గదా! ఇక్కడ కూడా మట్టం చూడవలసినది కెమెరాకు కాదు, అది తిరిగే తలానికి.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. కాళ్లకు, తలకు నడుమ లెవెలింగ్ బేస్ అనే పీఠాన్ని బిగించడం ఒకటి. బంతికి పైన తిరిగే బిగింపును అమర్చడం రెండవది. కొండలెక్కేవారికి రెండవదే తేలిక. బరువైన కెమెరాకు మొదటిదే నిలకడ. ఏదీ కొనలేని విద్యార్థి కాళ్ల పొడవులను ఓపికగా సర్ది, రసమట్టంలోని బుడగను నడుమకు తేగలిగితే చాలు. ఖర్చు లేదు, కాలం మాత్రం పడుతుంది.

దగ్గరి వస్తువులున్నప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఒక కన్ను మూసి తల తిప్పితే, దగ్గరి స్తంభం దూరపు స్తంభం ముందు జరిగినట్లు కనబడుతుంది. దీనిని పారలాక్స్ అంటారు. గండికోట లోయ వంటి దూరపు దృశ్యానికి దీని బెడద తక్కువ. లేపాక్షి మండపంలో స్తంభాల నడుమ మాత్రం అతుకులు కలవవు. అందుకు కెమెరాను ముందుకు వెనుకకు జరిపే పట్టీ కావాలి. దగ్గరిదీ దూరపుదీ అయిన రెండు కర్రలను ఒకే వరుసలో చూస్తూ కెమెరాను తిప్పాలి. అవి విడిపోకుండా కనబడే చోట పట్టీపై గీత గీసుకోవాలి. ఆ గీత ఆ లెన్స్‌కే చెల్లుతుంది. లెన్స్ మారితే మళ్లీ చూసుకోవలసిందే.