పాలపన్నే కదా అని వదిలేస్తున్నారా?

"ఎలాగూ ఊడిపోయే పన్నే కదండీ, దానికి వైద్యం ఎందుకు?" స్క్రీనింగ్‌లో పిల్లలకు పిప్పి పన్ను ఉందని చెప్పగానే చాలామంది తల్లిదండ్రులు అడిగే మాట ఇది. ముందు పళ్ళ విషయంలో కొంత నిజమే, అవి 6, 7 ఏళ్లకే ఊడటం మొదలవుతాయి. దవడ పాలపళ్ళు మాత్రం 9 నుంచి 12 ఏళ్ల మధ్య గానీ ఊడవు. అంటే అయిదేళ్ల పాపకు పుచ్చిన దవడ పన్నుతో ఇంకా నాలుగేళ్లకు పైగా నమలాలి.

పాలపన్ను పైపొర పలుచన, లోపల నరం ఉండే గది పెద్దది. అందుకే నల్లచుక్క త్వరగా నరం దాకా వెళ్తుంది. కింది దవడ పన్నుకు రెండు వేర్లు, పైదానికి మూడు. అవి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉంటాయి. ఆ సందులోనే తర్వాత రావాల్సిన పన్ను తయారవుతుంటుంది. నరం గది అడుగున సన్నటి దారులుంటాయి. చీము వాటి గుండా నేరుగా ఆ సందులోకే దిగుతుంది. పళ్ళ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తేనే ఈ సంగతి నాకూ అర్థమైంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. రాత్రుళ్ళు ఏడ్చిన పిల్లాడు ఒకరోజు మామూలుగా ఆడుకుంటాడు. లవంగ నూనె పనిచేసిందనుకుంటాం. నరం చచ్చిపోయినా, చిగురు మీద పొక్కు వచ్చి చీము కారిపోయినా నొప్పి తగ్గుతుంది, జబ్బు లోపలే ఉంటుంది. మెడికల్ షాపులో కొన్న మాత్రలతోనూ అంతే. కింద తయారయ్యే పన్ను మచ్చలతో, గుంటలతో రావచ్చు.

నరం పైభాగమే పాడైతే అంతవరకు తీసి మందు పెడతారు. వేర్ల దాకా పాడైతే శుభ్రం చేసి, వేరుతో పాటే కరిగిపోయే మందు నింపుతారు. నిలబడని పన్నును తీసేస్తారు. అప్పుడు పక్క పళ్ళు ఒరగకుండా చోటు కాపాడే తీగ పెట్టాలా అని తప్పకుండా అడగండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడిలో ఒకసారి పరీక్ష చేస్తారు. పిప్పి పళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి, వైద్యం ఉచితం. బృందం వచ్చే తేదీని అంగన్‌వాడీ టీచర్‌ని గానీ, ఏఎన్ఎంని గానీ అడగండి. రాసిచ్చిన చీటీ దాచిపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

బుగ్గ వాచి జ్వరం వస్తే, కన్ను మూసుకుపోతే, మింగలేకపోతే శిబిరం దాకా ఆగొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి, రాత్రయితే 108కి ఫోన్ చేయండి.