తాళం ఆఖర్న తిప్పండి: ఏళ్లు నిలిచిపోయిన అంబాసిడర్ ఇంజిన్‌కి పాఠం

తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. ఆ మలుపులు ఎక్కిన కార్లంటే మన పెద్దవాళ్లకి ముందు గుర్తొచ్చేది అంబాసిడర్. పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడాలో హిందూస్తాన్ మోటార్స్ 1950ల చివర నుంచి 2014 దాకా దాన్ని తయారుచేసింది. తిరుపతిలోనో, చిత్తూరులోనో ఏ షెడ్డులోనైనా అలాంటి బండి దుమ్ము పట్టి కనిపిస్తే మన చెయ్యి ఊరుకోదు. కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పేద్దాం అనిపిస్తుంది. బతికే ఇంజిన్‌ని చంపేది సరిగ్గా అదే.

నిలబడ్డ ఇంజిన్ లోపల ఏం జరుగుతుంది?

పాత పెట్రోల్ అంబాసిడర్‌ది 1489 సీసీ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అది ఎక్కడ ఆగినా ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరుచుకునే ఉంటుంది. ఆ దారిన తేమ లోపలికి పోతుంది. మనవైపు నవంబర్, డిసెంబర్ వానలు తెలిసినవే కదా! పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య తుప్పు పడుతుంది. ఎండాకాలంలో పెట్రోల్ ఆవిరైపోయి కార్బురేటర్ జెట్లలో జిగురు మిగులుతుంది. బేరింగుల మీది ఆయిల్ పొర కిందికి కారిపోతుంది. ఇట్లాంటప్పుడు స్టార్టర్ బలవంతంగా తిప్పితే రింగు విరగొచ్చు, గోడ గీసుకుపోవచ్చు. రెండు చెంచాల ఆయిల్‌తో అయ్యే పని రీబోరింగ్ దాకా పోతుంది.

వరుస ఇదీ:

1. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల పల్చని ఆయిల్ పొయ్యండి. రెండు మూడు రోజులు వదిలెయ్యండి. ఈలోగా ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, ఎలకలు గూడు కట్టి ఉండొచ్చు.

2. ప్లగ్గులు పెట్టకుండానే హ్యాండిల్‌తో, లేదా క్రాంక్ నట్టు మీద స్పానర్‌తో మెల్లగా తిప్పండి. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఆగండి. అప్పటికీ కదలకపోతే హెడ్ విప్పాల్సిందే. కదిలితే రాకర్ కవర్ తీసి, ఎనిమిది వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో చూడండి. పట్టేసిన వాల్వు పుష్‌రాడ్‌ని వంచేస్తుంది.

3. పాత ఆయిల్ దించెయ్యండి. ముందు నీళ్లు బాగా వస్తే హెడ్ గాస్కెట్‌ని అనుమానించండి. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వెయ్యండి. రేడియేటర్ కడిగి నింపండి.

4. ఇప్పుడు బ్యాటరీ. కాయిల్ వైరు తీసి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌ని పది సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. కంప్రెషన్ ఉండదు కాబట్టి బేరింగుల మీద బరువు తక్కువ. సిలిండర్‌లో మిగిలిన ఆయిల్ కూడా బయటికి చిమ్ముతుంది. ప్లగ్గులు ఉంటే ఆ ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆయిల్ ప్రెషర్ వచ్చిందాకా ఈ పని వదలొద్దు.

5. ట్యాంకులో పాత పెట్రోల్ తీసెయ్యండి, కార్బురేటర్ శుభ్రం చెయ్యండి. ఇ20 పెట్రోల్‌లోని ఇథనాల్ పాత రబ్బరుని పాడు చేస్తుంది. కాబట్టి దాన్ని తట్టుకునే పైపులే వెయ్యండి.

6. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు సన్న ఎమరీతో రుద్ది, గ్యాప్ సుమారు 0.4 మి.మీ. పెట్టండి. ప్లగ్గులు, కాయిల్ వైరు బిగించండి.

ఇక తాళం తిప్పండి, అయితే షెడ్డు బయట. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపుతుంది. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. స్టార్టయ్యాక కొన్ని సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపెయ్యండి.

ఈ వరుసలో ప్రతి మెట్టూ ఒక ప్రశ్నే: ఇది స్వేచ్ఛగా తిరుగుతోందా? ఆయిల్ అందుతోందా? పెట్రోల్ వస్తోందా? నిప్పురవ్వ పడుతోందా? జవాబు చూసుకున్నాకే తర్వాతి మెట్టు.

ఇంజిన్ పలికిందని రోడ్డెక్కకండి. బ్రేక్ ఆయిల్ కూడా ఇన్నాళ్లూ తేమ పీల్చుకునే ఉంటుంది, వీల్ సిలిండర్లు తుప్పు పట్టి ఉంటాయి. కొండ ఎక్కించేది ఇంజినే, దించేది మాత్రం బ్రేకులు.