నాటిన చోటనే సంతోషము

పాఠ్యభాగము: యిర్మీయా 29:4–14



క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుండి అనేకులను బబులోనుకు చెరగా కొనిపోయెను. రెండేండ్లలోనే వారు తిరిగి వత్తురని హనన్యా ప్రకటించెను. యిర్మీయా మాత్రము 70 సంవత్సరములని వారికి ఉత్తరము వ్రాసెను.

ఆ ఉత్తరములోని ఆజ్ఞలు గమనించండి. ఇండ్లు కట్టుట, తోటలు నాటి ఫలము తినుట, పిల్లలకు పెండ్లిండ్లు చేయుట, ఉన్న పట్టణ క్షేమము కొరకు ప్రార్థించుట. అన్నియు దినదిన కార్యములే. దేవుడు తిరుగు ప్రయాణపు నిరీక్షణను తీసివేయలేదు. అయితే అంతవరకు సంతోషమును వాయిదా వేయనియ్యలేదు. చెట్టుకు రోజూ నీరు పోసినవాడే దాని ఫలము రుచి చూచును.

మనము చెరలో ఉన్నవారము కాము. మన పెద్దలు బ్రతుకుతెరువు కొరకు వచ్చి ఇక్కడ స్థిరపడిరి. అయినను మనలో కొందరు “ఊరికి పోయిన తరువాత చూద్దాము” అనుచునే యున్నారు. ఈలోగా పిల్లలు ఎదిగిపోవుచున్నారు. బడిలో కన్నడమో, ఒడియానో, తమిళమో, మరాఠీయో నేర్చి తెలుగు బైబిలు చదువలేకపోవుచున్నారు. కుళాయి దగ్గర నీళ్లు పట్టుట, క్యారేజి కట్టుట, డ్యూటీకి పోవుట, రాత్రి కుటుంబ ప్రార్థన: మన తోట ఇదే.

ఈ వారము చేయవలసినది: ప్రతి రాత్రి పిల్లలచేత ఒక్క వచనము తెలుగులో చదివించండి. తప్పులు వచ్చినను కోపపడవద్దు. పొరుగువారి పేరు చెప్పి ప్రార్థించండి.

ఆలోచించండి: “తరువాత” అని నేను ప్రక్కన పెట్టిన సంతోషము ఏది?