సముద్రంలో కలిసే నీరు వృథాయేనా?

గోదావరి పొంగినప్పుడు చాలామంది ఒక మాట అంటారు. "ఇన్ని నీళ్లూ సముద్రం పాలవుతున్నాయి" అని. ఆ మాటలో కొంత నిజం ఉంది. నీటిని నిలిపితే పొలాలు పండుతాయి. కాని నది చివర కూడా ఆ నీటి మీద బతికేవి ఉన్నాయి. చేపలు, రొయ్యలు, పీతలు, మడ చెట్లు ఉన్నాయి. వాటిని నమ్ముకున్న మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి.

మొగ అంటే ఏమిటి?

ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి, వసిష్ఠ పెద్ద పాయలు. పాయ సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. పోటు వేళ సముద్రపు నీరు పాయలోకి ఎక్కుతుంది. పాటు వేళ దిగిపోతుంది. పైనుంచి మంచినీరు వస్తుంది. రెండూ కలిసిన నీరు కాస్త ఉప్పగా, కాస్త చప్పగా ఉంటుంది.

ఈ నీరు ఎన్నో జీవులకు ఊయల వంటిది. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు మొగలోకి వచ్చి మడ చెట్ల వేళ్ల మధ్య పెరుగుతాయి. పెద్దయ్యాక సముద్రానికి పోతాయి. నీలకంఠం రొయ్య ఇందుకు ఎదురు. అది నదిలో బతుకుతుంది. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టు, పిల్లల కోసం మొగకు వస్తుంది. వానాకాలంలో ఎర్రనీరు దిగగానే పులస చేప సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతుంది.

నీరు తక్కువైతే?

కాటన్ దొర ధవళేశ్వరంలో కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు అక్కడ బ్యారేజీ ఉంది. దానివల్లే డెల్టా పచ్చగా ఉంది. అయితే ఎండాకాలంలో బ్యారేజీ కిందికి చాలా తక్కువ నీరు వస్తుంది. అప్పుడు ఉప్పునీరు పాయలోకి దూరంగా ఎగబాకుతుంది. బావి నీళ్లు ఉప్పనవుతాయి. మంచినీరు అందని మడ చెట్లు గిడసబారిపోతాయి.

నదితో పాటు ఒండ్రు కూడా వస్తుంది. మొగ దగ్గర నేలను నిలబెట్టేది అదే. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతోంది. 1970లతో పోలిస్తే 1990లలో గోదావరి తెచ్చే ఒండ్రు సగానికన్నా తగ్గింది. ఒండ్రు తగ్గితే తీరాన్ని అలలు కోసేస్తాయి.

నీరు ఎక్కువైతే?

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అంటే రెండు బిందెలు. ఆ వరదలో సెకనుకు 70 లక్షల బిందెల నీరు పోయిందన్న మాట!

వరద ఉప్పును కడిగేస్తుంది. ఒండ్రు, మేత తెస్తుంది. కాని మంచినీరు చాలా రోజులు నిలిస్తే గుల్లలు చచ్చిపోతాయి. చేప ఈదుకుంటూ పోగలదు. గుల్ల ఎక్కడికి పోతుంది?

తుఫాను వస్తే?

తుఫాను వల్ల సముద్రం ఉప్పెనై లోపలికి వస్తుంది. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. 1996 నవంబరు 6న కోనసీమ, కాకినాడ ప్రాంతంలో తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఉప్పెన వెనక్కి పోయినా పొలాల్లో, చెరువుల్లో ఉప్పు మిగులుతుంది. మళ్లీ వానా, నదీ వచ్చి దాన్ని కడగాలి.

ఉప్పెనకు అడ్డు నిలిచేది మడ అడవి. దాని వేళ్లు బురదను పట్టి ఉంచుతాయి. అలల జోరును తగ్గిస్తాయి. 1999లో ఒడిశాలో పెను తుఫాను వచ్చింది. తర్వాత పరిశోధకులు కేంద్రపడ జిల్లాలో ఊళ్లవారీగా లెక్కలు చూశారు. సముద్రం వైపు మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో చావులు తక్కువ. అయినా అడవి ఉందని ఇంట్లో కూర్చోకూడదు. హెచ్చరిక రాగానే తుఫాను షెల్టరుకు వెళ్లాలి.

అడవిని మళ్లీ పెంచవచ్చు

కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మడ చెట్లు పోయిన చోట గోదావరి, కృష్ణా మొగల దగ్గర చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటునీరు వాటిలోంచి వచ్చి పోతూ నేలలోని ఉప్పును కడిగింది. అక్కడ మొక్కలు నాటారు. ఊరివాళ్లే కమిటీలుగా ఏర్పడి కాపాడారు.

పొలానికి నీరు కావాలి. మొగకూ నీరు కావాలి. సముద్రం దాకా చేరే ఆ కాస్త నీరు వృథా కాదు. అది మొగ వాటా.

మాట్లాడుకోండి

1. మీ ఊరి ఏరు చివరికి ఎక్కడ కలుస్తుంది?
2. ఎండాకాలంలో మీ బావి నీటి రుచి మారుతుందా? ఎందుకు?
3. వంటచెరకు కోసం మడ చెట్లు కొడితే ఎవరికి నష్టం?
4. ఒక క్యూసెక్కు నీరు ఒక నిమిషం పారితే ఎన్ని బిందెలు? లెక్క కట్టండి.