మాటిమాటికి మడతపడు చీలమండ

ఏలూరు జిల్లా నూజివీడు తోటలలో చిన్నరసాలు, బంగినపల్లి కాయలు దించు దినములలో కూలివారి చూపెల్ల కొమ్మల మీదనే యుండును. పాదము క్రింద పాదుగట్టు గలదో, ఎండుటాకులు కప్పిన గుంట గలదో చూచుకొను తీరిక యుండదు. అడుగు తప్పి అరికాలు లోపలివైపునకు తిరిగినచో చీలమండ బెణుకును. పసుపుపట్టు వేసి, నాలుగు దినములు కుంటి, మరల చిక్కము పట్టుట మన వాడుక.

వెలుపలి చీలమండ గుబ్బను పాదపుటెముకలతో కట్టియుంచు నారవంటి బంధనములు కలవు. వైద్యులు వీనిని లిగమెంటు లందురు. వీనిలో ముందువైపున నున్నది బలహీనము గాన మొదట తెగునది అదియే. పెక్కుమందికి అది తిరిగి అతుకును. కొందరికి మాత్రము సాగిన పగ్గమువలె వదులుగా నిలిచిపోవును. అట్టివారి కాలు చదునైన బాటపై కూడ తూలుచుండును. కాయలగంప నెత్తిన నున్నవానికి ఇది చిన్న సంగతి కాదు. ఏండ్లు గడచినకొలది కీలులోని మృదులాస్థియు అరుగవచ్చును.

దెబ్బ తగిలిననాడు నాలుగడుగులు వేయలేకున్నను, గుబ్బ వెనుక అంచును నొక్కినపుడు నొప్పి యున్నను ఎక్సురే తీయింపక మర్దన చేయించుట తగదు. ఎముక చిట్లియుండవచ్చును. వాపు తగ్గిన పిదప గోడకు చేరువగా ఒంటికాలిపై నిలుచుట, రబ్బరు పట్టీని పాదముతో వెలుపలికి లాగుట దినదినము సాధన చేయవలెను. ఇదియు నొక వైద్యమా యని నవ్వువారు కలరు. కాని పెక్కుమందికి దీనితోనే కాలు కుదురుకొనును.

మూడు మొదలు ఆరు నెలల సాధనకును లొంగనిచో శస్త్రచికిత్స ఆలోచింపవలెను. వదులైన బంధనమునే బిగించి కుట్టు పద్ధతిని స్వీడను వైద్యుడు బ్రోస్ట్రోం 1966లో ప్రకటించెను. దానికి చర్మమును పొడవుగా కోయవలసియుండెను. కీలులోనికి గొట్టముతో చూచు విద్యకు 1918లో టోక్యోలో తకాగి నాంది పలికెను. చీలమండ కీలు మిక్కిలి ఇరుకు గాన అందు గొట్టము చొరదని 1931లో అమెరికా వైద్యుడు బర్మను తలచెను. నేడు 2.7 మిల్లీమీటర్ల దుర్భిణి అందు ప్రవేశించుచున్నది. సెంటీమీటరుకు మించని రంధ్రములగుండ ఎముకలో దారము గల చిన్న మేకును నాటి, బంధనమును బిగింతురు. కీలులోని అరుగుదలయు అప్పుడే కనబడును. గాయము చిన్నదైనను పని చిన్నది కాదు: చర్మము క్రింది నాడికి దెబ్బ తగిలినచో పాదము పైభాగము తిమ్మిరెక్కును. గాన ఈ పనిలో చేయి తిరిగిన వైద్యునే ఆశ్రయింపవలెను.

చికిత్స పిదప కొన్ని వారములు కాలికి పట్టీ యుండవలెను. చెట్టెక్కుటకు, బరువు మోయుటకు మూడు నాలుగు నెలలు పట్టును. కోతలు ముగిసిన ఆషాఢమున చేయించుకొన్నవారు మరుసటి పూతనాటికి తోటలో నిలువగలరు.