బలం అట్టిపెట్టుకో

విశాఖపట్నం,
ఫిబ్రవరి.

అమ్మలూ,

డిసెంబరులో ఆస్ట్రేలియాలోని బస్సెల్టన్‌లో జరిగే ఐరన్‌మ్యాన్ పందేనికి పేరిచ్చానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి మీ అమ్మ నాకు రోజూ ఫోన్ చేస్తోంది. "దానికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వే" అని ఒక పూట, "నువ్వే దగ్గరుండి చూసుకోవాలి" అని ఇంకో పూట. రెండో మాటకి సరేనన్నాను. నీకేమో ఫోన్లో చెబితే సగం విని "సరే పిన్నీ" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, దాని మీద 42.2 కిలోమీటర్ల పరుగు. ఈ లెక్కలు నీకు కంఠతా వచ్చు. ఆ ఊళ్ళో నేనూ ఆ పందెంలో దిగి రోజంతా గడిపాక నాకు తెలిసొచ్చింది వేరే ఉంది. అక్కడ మధ్యలో కూలబడినవాళ్ళలో చాలామంది నాకన్నా బలమైనవాళ్ళు. ఒకటో తారీఖున చేతికొచ్చిన జీతం మొదటి వారంలోనే తగలేసినట్టు, ఉన్న బలమంతా పొద్దుటే ఖర్చు పెట్టేశారు. నువ్వు చిన్నప్పట్నుంచీ తొందర మనిషివి. నీకు చెప్పాల్సింది అసలు ఇదొక్కటే. మిగతాదంతా దీన్ని ఎక్కడెక్కడ ఎలా పాటించాలన్నదే.

ముందు ఈత సంగతి. బస్సెల్టన్‌లో సముద్రంలోకి 1.8 కిలోమీటర్లు చొచ్చుకుపోయిన కొయ్య జెట్టీ ఒకటుంది. దాని చుట్టూ తిరిగి రావాలి. పక్కనే స్తంభాల వరుస కనబడుతూ ఉంటుంది కాబట్టి దారి తప్పుతామన్న భయం తక్కువ. అయినా కొలనులో ఈదేవాళ్ళకి సముద్రం కొత్తే. పట్టుకుని ఊపిరి తీసుకోవడానికి గోడ ఉండదు, కింద నీలం గీత ఉండదు, పక్కవాళ్ళ కాళ్ళు మొహానికి తగులుతాయి. మొదటి కొన్ని నిమిషాలు గుండె గొంతులో కొట్టుకుంటుంది. నాకూ కొట్టుకుంది. అప్పుడు వేగం పెంచాలనిపిస్తుంది, పెంచకు. వెల్లకిలా తిరిగి పది ఊపిర్లు నెమ్మదిగా తీసుకో, నీళ్ళలోకి బుడగలు బుడగలుగా గాలి వదులు. ఏడెనిమిది బారలకోసారి తలెత్తి ముందు చూసుకో. నీళ్ళు 24.5 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే వెట్‌సూట్ వేసుకోనివ్వరు. అక్కడ డిసెంబరులో నీళ్ళు అంతకన్నా చల్లగానే ఉంటాయి కాబట్టి వేసుకోవచ్చు. మన ఎండల్లో పెరిగినవాళ్ళకి ఆ బిగుతు తొడుగు ఛాతీ నొక్కేస్తున్నట్టుంటుంది. పందెం రోజున మొదటిసారి తొడుక్కున్నావంటే భయం రెట్టింపవుతుంది. అద్దెకైనా ముందే తెచ్చుకుని ఈది చూడు.

హైదరాబాద్‌లో నీకు సముద్రం లేదు. అందుకోసం ఇక్కడికే రా, వేరే ఏర్పాటు వద్దు. ఆర్కే బీచ్‌లో మాత్రం దిగనివ్వను. ఆ కెరటాలు ఎందరు పిల్లల్ని లాక్కెళ్ళాయో ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి తెలుసు. రుషికొండ వైపు, లైఫ్‌గార్డులున్న చోట, జాలర్లని అడిగి వాళ్ళు సరేనన్న రోజునే, తీరానికి సమాంతరంగా ఈదుదువుగాని. లోపలికి లాగే పాయలో పడితే ఒడ్డువైపు పెనుగులాడకూడదు, పక్కకి ఈది పాయలోంచి బయటపడి అప్పుడు ఒడ్డు పట్టాలి. ఒంటరిగా ఎప్పుడూ దిగొద్దు. అక్టోబరు, నవంబరు మనకి తుఫానుల నెలలు. నీ సముద్రపు ఈతంతా ఆలోపే అయిపోవాలి.

సైకిల్ దారి చదునుగా ఉంటుందని సంబరపడుతున్నావట. చదును అంటే దిగుడు లేదని అర్థం చేసుకో. దిగుడు లేకపోతే కాళ్ళకి విశ్రాంతి లేదు, గంటల తరబడి అదే వంగుడు, అదే తొక్కుడు, ఆ మీద సముద్రపు గాలి. మెడ, నడుము ముందు అలిసిపోతాయి. మీ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో వేసిన సోలార్ పైకప్పు ట్రాక్ 23 కిలోమీటర్లు ఉంది కదా, ఇలాంటి సాధనకి అంతకన్నా మంచి చోటు దొరకదు. లారీల భయం లేకుండా అటూ ఇటూ తిరుగుతూ మూడు గంటలు, నాలుగు గంటలు అదే భంగిమలో తొక్కడం అలవాటు చేసుకో. కాకపోతే నెలకి రెండుసార్లైనా నీడ లేని దారిలో ఎండలో కూడా తొక్కు. పందెంలో ముందువాళ్ళ సైకిల్‌కి 12 మీటర్ల దూరం పాటించాలి, వెనకే దాక్కుని గాలి తప్పించుకుంటే జరిమానా పడుతుంది. మొదటి 90 కిలోమీటర్లలో నిన్ను దాటిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. వెళ్ళనీ. వాళ్ళలో కొందరిని పరుగులో, వాళ్ళు నడుస్తూ ఉండగా, నువ్వే దాటుతావు. 130వ కిలోమీటరు దాటాక నాకు కారణం లేకుండా ఏడుపొచ్చింది. నీకూ రావచ్చు. అది చాలాసార్లు మనసు బాధ కాదు, ఒంట్లో చక్కెర తగ్గిపోవడం. ఏడుస్తూనే తిను.

తిండి గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నువ్వు దీన్ని చిన్న విషయం అనుకుంటావు. 1978లో హవాయిలోని ఓహూ దీవిలో కాలిన్స్ దంపతులు ఈ పందెం మొదలుపెట్టినప్పుడు దిగింది 15 మంది, ముగించింది 12 మంది. సైకిల్ దిగేసరికి జాన్ డన్‌బార్ ముందున్నాడు. పరుగులో అతని సహాయకుల దగ్గర నీళ్ళు అయిపోయి బీరు పట్టారు. గోర్డన్ హాలర్ దాటేసి 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. నాలుగేళ్ళ తర్వాత, 1982లో, జూలీ మాస్ అనే విద్యార్థిని ఆడవాళ్ళలో ముందంజలో ఉండి ముగింపు గీతకి కొన్ని అడుగుల దూరంలో కూలిపోయింది. ఇంకో అమ్మాయి దాటిపోయాక పాక్కుంటూ వచ్చి రెండో స్థానంలో ముగించింది. ఆ దృశ్యం టీవీలో చూసే ఎందరో ఈ ఆటలోకి వచ్చారు. ఆ పిల్ల గుండెధైర్యానికి నేనూ చేతులెత్తి దండం పెడతాను. కానీ నువ్వు ఆ పాకడాన్ని ఆదర్శంగా పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు ఒంట్లో అయిపోయిన శక్తే, చాలని తిండే కనిపిస్తాయి.

కాబట్టి సైకిల్ ఎక్కిన పావుగంట నుంచే మొదలుపెట్టు. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం ఒంట్లోకి పోవాలి. సాధన చేస్తే కడుపు 90 దాకా అలవాటు పడుతుంది. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. ఇక్కడి సాధనలో అరటిపండు, ఖర్జూరం, పల్లీ పట్టీ నీకు సరిపోతున్నాయి, మంచిదే. కానీ ఆస్ట్రేలియా విమానాశ్రయంలో తిండి వస్తువులన్నీ రాసి చూపించాలి. పళ్ళు తీసుకెళ్ళనివ్వరు, నెయ్యి వేసిన సున్నుండల మీద ఆశ పెట్టుకోవద్దు. పందెం దారిలో ఏ జెల్, ఏ పానీయం ఇస్తారో ముందే తెలుసుకుని వాటితోనే ఇక్కడ నెలల తరబడి సాధన చెయ్యి.

నీళ్ళు ఎక్కువ తాగితే మంచిదేగా అంటావు. కాదమ్మా. చెమటతో ఉప్పు పోతూ ఉండగా ఉత్త నీళ్ళు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన పరుగువాళ్ళలో 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది. దాహానికి తగినంత తాగు, ఉప్పు మర్చిపోకు.

ఇప్పుడు మీ అమ్మతో చెప్పుకోలేనివి. నెలసరి తప్పుతూ ఉంటే, లేదా ఆగిపోతే, బాగా కష్టపడుతున్నాననుకుని మురిసిపోకు. చేసే శ్రమకి తిండి చాలడం లేదని ఒళ్ళు చెబుతోందన్నమాట. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వైద్యులు దీనికి పేరు పెట్టి హెచ్చరించారు. ఎముకలు గుల్లబారతాయి, గాయాలు మానవు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి రక్తం తక్కువ ఉండడం మామూలే అనుకుంటారు. నీకు మామూలు కాకూడదు. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూపించు, గుండెకి ఈసీజీ తీయించు. కొలనులో ఆడవాళ్ళకి కేటాయించిన గంట నీ ఆఫీసు వేళకి కుదరడం లేదని ఈత మానేశావట. మేనేజరుతో మాట్లాడు, సిగ్గుపడకు. ఆ ఒక్క గంట కోసం నేను ఎన్ని మాటలు పడ్డానో మీ అమ్మకి తెలుసు. ఇవాళ అడగడం నీకు కాస్త తేలిక కావాలనే పడ్డాను.

పరుగు తీరం వెంబడి చుట్లు చుట్లుగా ఉంటుంది. ఎయిడ్ స్టేషన్ వచ్చినప్పుడల్లా నడు. నడుస్తూ తాగు, తల మీద మంచు పెట్టుకో, మళ్ళీ పరుగందుకో. మొదటి చుట్టు నుంచే ఇలా చెయ్యి, అలిసిపోయాక మొదలుపెడదామనుకోకు. సాధారణంగా 17 గంటల గడువిస్తారు. మడోనా బూడర్ అనే సన్యాసిని 2012లో కెనడాలో 82 ఏళ్ళ వయసులో 16 గంటల 32 నిమిషాలకి ముగించింది. ఆవిడ పరుగు మొదలుపెట్టిందే 48వ ఏట. గడువులో చివరి గంట కూడా నీదేనని గుర్తుంచుకో. చీకటి పడ్డాక, జనం పలచబడ్డాక, ఆ ఆఖరి చుట్టులో నేను పడ్డ ఆనందం పొద్దున సముద్రంలో దిగినప్పుడు ఊహించలేదు. కాళ్ళు నొప్పులతో మొద్దుబారిపోయాయి, అయినా ఇంకా కాస్త బలం మిగిలి ఉందని తెలుస్తోంది. ఆ మిగులు నీకూ ఉండాలని నా కోరిక.

ఒకవేళ ఛాతీలో నొప్పో, కళ్ళు తిరగడమో, మాట తడబడడమో అయితే ఆగిపో. వైద్యులు ఆగమంటే వాదించకు. 2017లో అక్కడే సొరచేప కనబడిందని ఈత రద్దు చేశారు. ఏడాదంతా సాధన చేసినవాళ్ళు ఒడ్డున నిలబడిపోయారు. మన చేతిలో లేనివీ ఉంటాయి.

మీ అమ్మకి ముందే ఒక విషయం చెప్పి పెట్టు. నీ ఆచూకీ చూపించే యాప్ నువ్వు దారిలో పరిచిన టైమింగ్ మ్యాట్ దాటినప్పుడే కదులుతుంది, ఈత ఉన్నంతసేపూ కదలదు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి ఇక్కడ ఇంకా చీకటిగా ఉండగానే అక్క ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. ఆ గంటన్నరా నేను తన పక్కనే ఉంటాను.

రక్తపరీక్ష రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు. ఫెరిటిన్ చూశాకే మార్చి నెల సాధన ఎంత చెయ్యాలో మాట్లాడుకుందాం.

మీ పిన్ని