లాప్‌టాప్‌నకు ఏ వ్యవస్థ తగును?

కర్నూలు, కడప సీమలలోని రైతు నేల నెఱిగి విత్తు నెన్నుకొనును. నల్లరేగడిలో శనగను, ఎఱ్ఱనేలలో వేరుసెనగను వేయును. పొరుగువాని చేను పచ్చగా నున్నదని అతని విత్తునే తెచ్చి తన నేలలో చల్లడు. వాన తక్కువైన చోట తగని పంట ఏడాది శ్రమను హరించును. లాప్‌టాప్‌నకు ఆపరేటింగ్ సిస్టమ్ నెన్నుకొనుటయు ఇట్టిదే. ఇంటి కంతటికి ఒకే యంత్రము గల కుటుంబమునకు ఈ ఎంపిక మిక్కిలి ముఖ్యము.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా నేమి? మీట నొక్కగనే తెరపై అక్షరము కనబడుట, వ్రాసినది భద్రపడుట మొదలైన పనుల నన్నిటిని నడపు మూలవ్యవస్థ. దాని సోర్స్ కోడ్, అనగా యంత్రమున కిచ్చు సూచనల మూలప్రతి, కొన్నింటి విషయమున యజమానుల యొద్దనే గుప్తముగా నుండును. మఱికొన్నింటిలో ఎల్లరకును తెఱచియుండును. దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, నకలు తీసి పంచవచ్చును.

ఇట్టి పని మన కడపకు క్రొత్త కాదు. 1820లో అచ్చటికి ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర పండితులను నియమించి, ఒకే గ్రంథమునకు పలు వ్రాతప్రతులను తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ప్రతులు పలువురి కంటబడుటచేతనే తప్పులు బయటపడెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను లోకమునకు వెల్లడించినప్పుడును ఇట్లే జరిగినది. దేశదేశముల వారు దానిని దిద్ది పెంచిరి. దానిపై ఆధారపడి డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ మొదలగునవి వెలసినవి. మన దేశమున సీ-డాక్ సంస్థ ‘బాస్’ అను వ్యవస్థను, హైదరాబాదునందలి ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు వ్యవస్థను రూపొందించినవి.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు సాధారణ సహాయము ముగిసినది. తరువాతి విండోస్‌నకు చాలని పాత లాప్‌టాప్‌లు పెక్కు గలవు. అవి వ్యర్థములని పాఱవేయ నక్కఱలేదు. క్రొత్తవారికి లినక్స్ మింట్ అనుకూలము. దాని తెర అమరిక విండోస్ వాడినవారికి పరిచితముగా తోచును. 2 జీబీ ర్యామ్‌తో నడచును. 4 జీబీ యున్న మేలు. యంత్రము మఱింత నెమ్మదిగా నున్నచో అందలి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమును గ్రహింపవలెను.

అయితే తొందరపాటు తగదు. మొదట ఇంటివారు ఏ పనికి లాప్‌టాప్ వాడుదురో అడుగుడు. పత్రములు వ్రాయుటకు, పాఠములు చూచుటకు లినక్స్ చాలును. డీటీపీ దుకాణములలో వాడు అనూ లిపులవంటి, విండోస్ కొఱకే చేసిన సాధనములు కావలెనన్నచో పాతదానిని తొలగింపరాదు.

పిదప వ్యవస్థను పెన్‌డ్రైవ్‌లోని కెక్కించి, దానినుండియే యంత్రమును నడపి చూడుడు. అందు పూర్వమున్నవి చెరిగిపోవును గాన ఖాళీ పెన్‌డ్రైవ్‌నే వాడుడు. వైఫై, ధ్వని, తెలుగు అక్షరములు సరిగా నున్నవా పరీక్షింపుడు. ఇంతవరకు లాప్‌టాప్‌లోని దేదియు మాఱదు.

అన్నియు కుదిరినచో, స్థాపించుటకు ముందు ఫోటోలను, భూమి పత్రముల నకళ్లను, చదువు కాగితములను వేఱొక చోట భద్రపఱచుడు. “డిస్కును తుడిచివేయుము” అను ఒక్క మీట పదేండ్ల జ్ఞాపకములను తుడిచివేయగలదు. పెద్దల అనుమతి లేక దానిని నొక్కకుడు. వ్యవస్థ నెప్పుడైనను మరల పొందవచ్చును. పోయిన పత్రమును పొందుట దుర్లభము.